మలుపులోకి దిగేటప్పుడు ముందు చక్రాలు జారుతున్నాయి: డ్యాంపర్ బిగించాలా, వదులు చేయాలా?

కోన్ల_మధ్య:

అందరికీ నమస్కారం. మాది ఇంజనీరింగ్ విద్యార్థుల జట్టు. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి కారు సిద్ధం చేస్తున్నాం. డ్రైవర్‌తో కలిపి బరువు 280 కిలోలు. ముందూ వెనుకా పుష్‌రాడ్ సస్పెన్షన్, అంటే చక్రం కదలికను ఒక కడ్డీ లోపలి స్ప్రింగుకు అందిస్తుంది. డ్యాంపర్లు (స్ప్రింగు ఊగిసలాటను నూనెతో ఆపే షాక్ అబ్జార్బర్లు) మాత్రం కొండదారుల సైకిళ్ళకు వాడేవి, స్ప్రింగులు విడిగా కొన్నాం.

సమస్య ఇది. స్టీరింగ్ తిప్పిన తొలి క్షణంలో ముక్కు తిరగదు, ముందు టైర్లు జారుతూ బయటికి పోతాయి. మలుపు మధ్యకు వచ్చాక కారు చక్కగా కుదురుకుంటుంది. కోన్ల మధ్య మెలికలు తిరిగే స్లాలమ్‌లో ఈ బాధ మరీ ఎక్కువ. ముందు డ్యాంపర్లు బాగా బిగిస్తే ముక్కు చురుగ్గా తిరుగుతుందని మా సీనియర్ అంటున్నారు. కాదు, స్ప్రింగులే మార్చాలని జట్టులో ఇంకొకరి వాదన. మాకు మిగిలిన సమయం తక్కువ, రెండూ చేసి చూసే వీలు లేదు.

వివరాలు: ముందు స్ప్రింగు మి.మీ.కు 35 న్యూటన్లు. చక్రం 1 మి.మీ. లేస్తే స్ప్రింగు 0.8 మి.మీ. నొక్కుకుంటుంది. ఒక్కో ముందు స్ప్రింగు మోసే బరువు 55 కిలోలు. చక్రం, హబ్, బ్రేకు కలిపి 12 కిలోలు.

భారమార్పిడి:

అంకెలతో సహా అడిగినందుకు సంతోషం. మలుపు మధ్యలో కారు బాగుందన్నారు, మొత్తం విషయంలో ముఖ్యమైన మాట అదే. స్ప్రింగుల జోలికి ఇప్పుడు వెళ్ళకండి.

మలుపులో లోపలి చక్రాల మీది భారం బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందో తేల్చేవి నాలుగే: కారు బరువు, పక్కకు లాగే త్వరణం, గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం. మీ గరిమనాభి 0.3 మీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లు ఉందనుకుందాం. 1.4 జీ (గురుత్వ త్వరణానికి 1.4 రెట్లు) మలుపులో 280 × 1.4 × 0.3 ÷ 1.2, అంటే 98 కిలోల భారం లోపలి నుంచి బయటికి మారుతుంది. ప్రపంచంలో ఎంత ఖరీదైన డ్యాంపర్ తెచ్చి పెట్టినా కారు నిలకడగా తిరుగుతున్నప్పుడు ఈ 98 కిలోల్లో ఒక్క గ్రాము తగ్గదు.

స్ప్రింగులూ యాంటీ రోల్ బార్లూ (కారు ఒరగడాన్ని తగ్గించే అడ్డ కడ్డీలు) చేసేది పంపకం. ఆ 98 కిలోల్లో ముందు జత ఎంత మోయాలి, వెనుక జత ఎంత మోయాలి అన్నది వాటి చేతిలో ఉంటుంది. టైరు మీద భారం రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కాబట్టి మార్పిడిలో ఎక్కువ వాటా మోసిన జత ముందుగా జారుతుంది. మలుపు మధ్యలో మీ కారు సమతూకంగా ఉందంటే ఈ పంపకం సరిగ్గా కుదిరిందన్న మాట.

ఇప్పుడు డ్యాంపర్. అది కదలికను బట్టి కాదు, కదిలే వేగాన్ని బట్టి బలం ఇస్తుంది. కారు ఒక పక్కకు ఒరిగి స్థిరపడ్డాక డ్యాంపర్ వేగం సున్నా, బలమూ సున్నా. ఒరుగుతున్న ఆ కొద్దిసేపట్లో మాత్రం భారం పంపకంలో అదీ చెయ్యి పెడుతుంది. ముందు డ్యాంపర్లు వెనుకవాటికంటే గట్టిగా ఉంటే ఆ కొద్దిసేపూ ముందు జత తన వాటాకు మించి మోస్తుంది, ముందు టైర్లు జారతాయి. ఒరగడం ఆగగానే ఆ అదనపు భారం మాయమై కారు కుదురుకుంటుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. మీ సీనియర్ చెప్పినట్టు ముందు ఇంకా బిగిస్తే జారుడు పెరుగుతుంది.

స్లాలమ్‌లో ఎందుకు ఎక్కువగా కనబడుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. సెకనుకు 12 మీటర్ల వేగంతో, 10 మీటర్ల దూరంలో ఉన్న కోన్ల మధ్య ఒక్కో మెలికకు దాదాపు 0.83 సెకన్లు పడుతుంది. అందులో పావు సెకను కారు ఒక పక్క నుంచి మరో పక్కకు ఒరగడానికే పోతుంది. పెద్ద ట్రాక్ మీద పొడవైన మలుపులో ఆ పావు సెకను లెక్కలోకి రాకపోవచ్చు. మీ పోటీలో మాత్రం మెలికలో దాదాపు మూడో వంతు అదే.

ర్యాలీ_మట్టి:

పైన చెప్పినదాంట్లో భౌతికశాస్త్రం సరే. కానీ సీనియర్ మాటను అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. ముందు డ్యాంపర్లు వదులుగా ఉంటే డ్రైవర్ చేతికి ఏమీ తెలియదు. స్టీరింగ్ తిప్పుతాడు, కారు మెత్తగా ఒరుగుతుంది, ఆ తర్వాత ఎప్పుడో టైరు కరుచుకుంటుంది. బిగించిన కారులో తిప్పీ తిప్పగానే భారం టైరు మీదికి చేరుతుంది, చేతికి వెంటనే సమాధానం వస్తుంది. డ్రైవర్‌కు నమ్మకం కుదిరితేనే గడియారంలో సమయం తగ్గుతుంది. తారు రోడ్డు ర్యాలీల్లో నేను పనిచేసిన ప్రతి డ్రైవరూ ముక్కు గట్టిగా ఉండాలనే అడిగాడు.

భారమార్పిడి:

ర్యాలీ గారూ, మీరన్నది నిజం. డ్యాంపింగ్ పెరిగితే భారం టైరుకు త్వరగా అందుతుంది. అయితే ఆ స్పందన నాలుగు మూలలా డ్యాంపింగ్ పెరిగినా వస్తుంది. వెనుక అలాగే వదిలేసి ముందు మాత్రమే బిగిస్తే స్పందనతో పాటు పంపకమూ ముందుకు జరుగుతుంది. చురుకుదనం కావాలంటే వెనుక కూడా బిగించాలి, లేదా ముందు ఉన్నదాన్ని ఉంచి వెనుకే బిగించాలి. వీరి కారుకు రెండోదే తగినదని నా అభిప్రాయం.

ఇక ఎంత అన్న ప్రశ్న. చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం 35 × 0.8 × 0.8, అంటే మి.మీ.కు 22.4 న్యూటన్లు. 0.8ని రెండుసార్లు గుణించాలి. లీవరు వల్ల బలమూ తగ్గుతుంది, కదలికా తగ్గుతుంది. ఒక్కసారే గుణించి వదిలేసిన రిపోర్టులు విద్యార్థి పోటీల్లో చాలా చూశాను. అంటే మీటరుకు 22,400 న్యూటన్ల స్ప్రింగు మీద 55 కిలోలు ఊగితే సహజ పౌనఃపున్యం 3.2 హెర్ట్జ్. ఇంటి కారులో ఇది 1 నుంచి 1.5 మధ్య ఉంటుంది. రెక్కలు లేని రేసు కారుకు 2 నుంచి 3 మామూలే, మీది కొంచెం గట్టి కారు.

ఊగిసలాట అసలే లేకుండా ఆగాలంటే కావలసిన డ్యాంపింగ్ చక్రం దగ్గర సెకనుకు ఒక మీటరు వేగానికి 2,220 న్యూటన్లు. అందులో 0.7 వంతు దగ్గర మొదలుపెట్టండి. చక్రం దగ్గర 1,554, దాన్ని 0.64తో భాగిస్తే డ్యాంపర్ దగ్గర సుమారు 2,430. అంటే డ్యాంపర్ సెకనుకు 50 మి.మీ. వేగంతో కదిలినప్పుడు 120 న్యూటన్లు, 25 మి.మీ. వేగంతో 60 న్యూటన్లు రావాలి. మీ డ్యాంపర్ పరీక్ష వక్రరేఖ మీద ఈ రెండు బిందువులు ఎక్కడ పడుతున్నాయో చూడండి.

కోన్ల_మధ్య:

చాలా ధన్యవాదాలు సర్. మా దగ్గర పరీక్ష యంత్రం లేదు. తయారీదారు ఇచ్చిన పటం ఉంది కానీ అది సైకిల్ కోసం గీసినది, సెకనుకు 100 మి.మీ. వేగం నుంచే మొదలవుతుంది.

షిమ్‌లు_నూనె:

అసలు చిక్కు అక్కడే ఉంది. నేను రేసు డ్యాంపర్లు విప్పి బిగించే పనిలో ఉన్నాను, నాకు తెలిసినంత చెబుతాను.

డ్రైవర్ చేతికి తెలిసే కారంతా సెకనుకు 50 మి.మీ. లోపలే ఉంటుంది. ఒరగడం, బ్రేకు వేస్తే ముక్కు దిగడం, గ్యాస్ వేస్తే వెనుక కుంగడం, అన్నీ నెమ్మది కదలికలే. గుంతలు, ట్రాక్ అంచున ఉండే ఎరుపు తెలుపు కెర్బులు వేగం కదలికలు. మంచి డ్యాంపర్‌లో ఈ రెంటికీ వేర్వేరు దారులు ఉంటాయి. నెమ్మదిగా కదిలినప్పుడు నూనె చిన్న రంధ్రం గుండా పోతుంది, ఆ రంధ్రాన్ని సూది మూసినట్టూ తెరిచినట్టూ చేసేదే బయటి క్లిక్కు. వేగం పెరిగితే ఒత్తిడికి పిస్టన్ మీది షిమ్‌లు, అంటే పలుచని ఉక్కు బిళ్ళలు, వంగి పెద్ద దారి ఇస్తాయి. అందుకే వక్రరేఖ మొదట నిట్టనిలువుగా లేచి తర్వాత వాలిపోవాలి. భారమార్పిడి గారు చెప్పిన 0.7 ఆ మొదటి భాగానికే. గుంతల వేగాల్లో అది 0.3 దాకా దిగినా నష్టం లేదు, దిగాలి కూడా. లేకపోతే కెర్బు తగిలిన ప్రతిసారీ చక్రం కారును మొత్తంగా ఎత్తి పడేస్తుంది.

ఇప్పుడు సైకిల్ డ్యాంపర్ సంగతి. అక్కడ కదలిక పెద్దది, వేగం పెద్దది. చిన్న వేగాల్లో దానికి పెద్దగా పని ఉండదు. మీ కారులో చక్రం మొత్తం కదలిక నియమం ప్రకారం కనీసం 50 మి.మీ., మలుపులో వాడుకునేది అందులో చిన్న భాగం. అంత చిన్న కదలికలో అన్నిటికంటే ముందు ఎదురయ్యేది సీలు రాపిడి. షాఫ్టు కదలడం మొదలుపెట్టాలంటేనే 30, 40 న్యూటన్లు పీల్చుకునే సీళ్ళు నేను చూశాను. 25 మి.మీ. వేగం దగ్గర మీకు కావలసిన మొత్తం బలమే 60. అందులో సగానికి పైగా రాపిడి తినేస్తే మీరు తిప్పే క్లిక్కులకు అర్థం ఏముంటుంది? పైగా రాపిడి వేగంతో పెరగదు. కదలిక మొదలయ్యేదాకా స్ప్రింగును పట్టేసి ఉంచుతుంది, ఆ క్షణంలో మీ ముందు సస్పెన్షన్ లేనట్టే లెక్క.

మొదట డ్యాంపర్ నుంచి స్ప్రింగు తీసేసి, నిలువుగా పట్టుకుని, చేపలు తూచే తక్కెడ కొక్కేనికి తగిలించి నెమ్మదిగా లాగండి. ఎంత దగ్గర కదిలిందో రాసుకోండి. డ్యాంపర్ లోపలి నైట్రోజన్ ఒత్తిడి షాఫ్టును బయటికి నెడుతుంది కాబట్టి నొక్కేటప్పుడు ఎంత, వదిలేటప్పుడు ఎంత అని రెండూ చూసి, ఆ తేడాలో సగం తీసుకుంటే రాపిడి వస్తుంది. రాకర్ (పుష్‌రాడ్ కదలికను స్ప్రింగు వైపు తిప్పే లీవరు) బేరింగులు, పుష్‌రాడ్ చివరి కీళ్ళు కూడా విడిగా చూడండి. బోల్టు అతిగా బిగించి కీలు పట్టేసినా లక్షణం ఇలాగే ఉంటుంది.

పాత_గ్రాండ్‌ప్రీ:

చర్చ బాగుంది. సాంకేతిక వివరాల్లో నేను మీ అంతటివాణ్ణి కాను, కానీ మీరు మాట్లాడుతున్న ఈ సమస్య చుట్టూ ఫార్ములా వన్‌లో పెద్ద కథే నడిచింది.

సస్పెన్షన్ గట్టిపడేకొద్దీ అసలు స్ప్రింగుగా పనిచేసేది టైరే. పాత 13 అంగుళాల చక్రాల మీద టైరు గోడలు ఎత్తుగా ఉండేవి. కారు ఊగిందంటే చాలావరకు ఆ రబ్బరు మీదే. రబ్బరులో డ్యాంపింగ్ చాలా తక్కువ, డ్యాంపరేమో రబ్బరుకు ఇవతల ఉండి కదలక కూర్చుంటుంది. దీనికి రెనో జట్టు 2005 సీజన్ చివరలో ముక్కులో స్ప్రింగుల మధ్య ఒక బరువును వేలాడదీసింది. కారు పైకి లేవబోతే ఆ బరువు వెనకబడి కిందికి లాగేది, దిగబోతే పైకి నెట్టేది. టైరు మీది భారం హెచ్చుతగ్గులు తగ్గి పట్టు నిలకడ పడింది. 2006లో జర్మనీ రేసు దగ్గర నిర్వాహకులు దాన్ని చట్టబద్ధమే అన్నారు. ప్రపంచ మోటారు క్రీడల పాలక సంస్థ ఎఫ్‌ఐఏ అప్పీలుకు వెళ్ళింది. ఆగస్టులో అప్పీలు న్యాయస్థానం దాన్ని కదిలే ఏరోడైనమిక్ పరికరంగా లెక్కగట్టి నిషేధించింది. కారు లోపల, గాలి తగలని చోట ఉన్న బరువును అలా పిలవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆ కారు దాని చుట్టూనే రూపొందింది, తీసేశాక ఫెరారీ దగ్గరికి వచ్చేసింది. అయినా రెనో డ్రైవర్ అలొన్సో 134 పాయింట్లతో ఫెరారీ డ్రైవర్ షూమాకర్‌ను 13 పాయింట్ల తేడాతో దాటి టైటిల్ గెలిచాడు.

భారమార్పిడి:

అదే ఊగిసలాటకు మెక్‌లారెన్ ఇంకో దారి పట్టింది, అది నాకు మరింత ఇష్టం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మాల్కమ్ స్మిత్ ఒక లోటు గమనించారు. స్ప్రింగు రెండు చివరల మధ్య దూరానికి స్పందిస్తుంది, డ్యాంపర్ రెండు చివరల మధ్య వేగానికి స్పందిస్తుంది. త్వరణానికి స్పందించేది ద్రవ్యరాశి, కానీ దానికి రెండో చివర ఎప్పుడూ భూమే. విద్యుత్ వలయంలో ఒక కొస ఎప్పుడూ భూమికి కలిపే ఉండాలంటే కెపాసిటర్‌తో ఎన్ని పనులు ఆగిపోతాయో ఊహించండి. రెండు చివరల మధ్య త్వరణానికి తగ్గ బలం ఇచ్చే పరికరాన్ని ఆయన రూపొందించారు. పేరు ఇనర్టర్. లోపల స్క్రూ మీద తిరిగే చిన్న చక్రం, అంతే. చక్రం బరువు కొద్దిగానే ఉన్నా, తిరిగే వేగం పెరగడం వల్ల అంతకు ఎన్నో రెట్ల బరువున్నట్టు ప్రవర్తిస్తుంది. 2005 స్పెయిన్ గ్రాండ్ ప్రీలో రైకోనెన్ గెలిచిన మెక్‌లారెన్‌లో అది ఉంది. అసలు సంగతి బయటికి పొక్కకుండా దానికి జె డ్యాంపర్ అని మారుపేరు పెట్టారు. 2007లో, మెక్‌లారెన్ రహస్యాలు రెనో చేతికి చేరాయన్న గూఢచర్యం విచారణలో దాని బొమ్మ బయటపడింది. ఆ బొమ్మ చూసిన రెనో ఇంజనీర్లు కూడా అదేం చేస్తుందో సరిగ్గా పట్టుకోలేకపోయారని అప్పుడే తేలింది.

సాగర్_ఒడ్డున:

ఒక సందేహం. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు స్టాండ్‌లో ఉన్నాను. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచిన రేసు. బ్రేకులు వేసే చోట కార్లు ఎగిరెగిరి పడేవి. అంత డబ్బు పెట్టే జట్లు అది ఆపలేవా? అలాగే 2022లో ఫార్ములా వన్ కార్లు తిన్నని దారి మీద గంతులు వేసేవి కదా, రెండూ ఒకటేనా?

షిమ్‌లు_నూనె:

వేర్వేరు సర్. నగర వీధి అంటే బస్సులు తిరిగే రోడ్డు. నీరు పోవడానికి వేసిన వాలు, మరమ్మతుల అతుకులు, మూతలు, గీసిన రంగు గీతలు, అన్నీ ఉంటాయి. అక్కడ కారు ఎగరడం చూసి సస్పెన్షన్ బాగాలేదనుకోకూడదు. చూడవలసింది శరీరం ఎంత ఎగిరిందని కాదు, టైరు నేలను వదిలిందా లేదా అని. ఫార్ములా ఈ కారుకు డౌన్‌ఫోర్స్ (గాలి కారును నేలకు నొక్కే బలం) తక్కువ. కాబట్టి మెత్తగా ఉంచుకోగలరు, ఎత్తు మరీ మి.మీ.ల లెక్కన కాపాడుకోనక్కరలేదు. ఎంత మెత్తగా పెట్టినా బ్రేకు వేసిన క్షణంలో ముందు సస్పెన్షన్ కదలికలో చాలా భాగం ముక్కు దిగడానికే ఖర్చవుతుంది. మిగిలిన కొద్దిపాటి కదలికలో గుంత వస్తే కింద రబ్బరు ఆపుకు తగులుతుంది. మీరు చూసిన గెంతు బహుశా అదే.

భారమార్పిడి:

2022 గంతులకు కారణం గాలి. నేల దగ్గరయ్యేకొద్దీ కారు అడుగున పీల్పు పెరుగుతుంది, కారు దిగుతుంది. మరీ దగ్గరైతే గాలి దారి మూసుకుపోయి పీల్పు ఒక్కసారిగా తెగిపోతుంది, కారు లేస్తుంది, మళ్ళీ పీల్పు మొదలు. రోడ్డు నున్నగా ఉన్నా ఇది ఆగదు. సరిగ్గా ఆ ఏడాదే కొత్త నిబంధనలు ఇనర్టర్లను, హైడ్రాలిక్ సస్పెన్షన్ మెళకువలను తీసేశాయి. చక్రాలు 18 అంగుళాలకు మారి టైరు గోడలు పొట్టివయ్యాయి. కారు ఎత్తు కాపాడుకోవడానికి జట్లు సస్పెన్షన్‌ను రాయిలా బిగించాయి. కదలని డ్యాంపర్ శక్తిని ఎలా హరిస్తుంది? అజర్‌బైజాన్‌లోని బాకూ రేసులో హామిల్టన్ నడుము పట్టుకుని కారు దిగిన దృశ్యం అందరూ చూశారు. బెల్జియం రేసు నుంచి ఎఫ్‌ఐఏ ఊగిసలాటకు కొలమానం పెట్టింది, 2023లో అడుగుభాగం అంచులను 15 మి.మీ. పైకి లేపించింది.

పాత_గ్రాండ్‌ప్రీ:

అందుకే 1992 విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ 14బీ అంటే నాకు అంత గౌరవం. కంప్యూటర్ హైడ్రాలిక్స్‌ను నడిపి కారు ఎత్తును తనే చూసుకునేది. నిండు బిందె నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడిచే మనిషి మోకాళ్ళలా, కింద ఏం జరిగినా పైన తొణికేది కాదు. దాన్ని నడిపిన మాన్సెల్ మొదటి 5 రేసులూ వరసగా గెలిచాడు, ఆ ఏడాది మొత్తం 9. అంతకుముందు 1987లో మొనాకోలో సెన్నా లోటస్ 99టీతో గెలిచినదే ఇలా కంప్యూటర్ నడిపే యాక్టివ్ సస్పెన్షన్‌కు తొలి విజయం. 1994 నుంచి దాన్ని నిషేధించారు. 2014లో ముందు వెనుక సస్పెన్షన్లను నూనె గొట్టాలతో కలిపే పద్ధతీ సీజన్ మధ్యలోనే పోయింది.

కోన్ల_మధ్య:

మళ్ళీ మా కారు దగ్గరికి వస్తున్నాను. షిమ్‌లు గారు చెప్పినట్టు తక్కెడతో చూశాం. ముందు ఎడమ డ్యాంపర్ రాపిడి 20 న్యూటన్లలోపే, కుడిది 45. కుడి వైపు రాకర్ బోల్టు వదిలితే తేడా రాలేదు, అంటే లోపం డ్యాంపర్‌లోనే. సీలు మార్పించాం, ఇప్పుడు రెండూ దాదాపు సమానం. తర్వాత ముందు డ్యాంపర్ల రీబౌండ్ (తెరుచుకునేటప్పటి బిగింపు) 2 క్లిక్కులు వదులు చేసి, వెనుక బంప్ (నొక్కుకునేటప్పటి బిగింపు) 2 క్లిక్కులు బిగించాం. స్లాలమ్‌లో ముక్కు స్పష్టంగా తిరుగుతోంది. కుడి మలుపు, ఎడమ మలుపు ఒకేలా ఉన్నాయని డ్రైవర్ అన్నాడు. ఇంతకుముందు ఆ తేడా ఉందని మాకెవరికీ తట్టలేదు.

ఇప్పుడు మలుపు నుంచి బయటికి వస్తూ గ్యాస్ వేస్తే వెనుక కొంచెం జారుతోంది. వెనుక బంప్ మళ్ళీ వదలాలా?

ర్యాలీ_మట్టి:

సీలు సంగతి పట్టుకున్నారు, శభాష్. ముక్కు బాగా తిరిగే కారు వెనుక నుంచి కొంచెం జారడం సహజమే, డ్రైవర్ అలవాటు పడతాడేమో ఒక పూట నడపనివ్వండి.

భారమార్పిడి:

ఒక పూట నడపడం మంచిదే, కానీ ఆ పూటలో కొలత కూడా తీసుకోండి. గ్యాస్ వేసినప్పుడు వెనుక రెండు డ్యాంపర్లూ నొక్కుకుంటాయి, అదే సమయంలో ఒరిగిన కారు నిటారు అవుతుంటుంది. మీరు బిగించిన బంప్ మలుపులోకి దిగేటప్పుడు బయటి వెనుక చక్రం మీద పనిచేసింది, మీకు మేలు చేసింది. బయటికి వచ్చేటప్పుడు అదే బిగింపు, కుంగబోతున్న వెనుక టైరు మీదికి భారాన్ని కుదుపుతో పంపుతుంది. కాబట్టి బంప్‌ను 1 క్లిక్కు వెనక్కి తెచ్చి, అంత మేరకు వెనుక రీబౌండ్ బిగించండి. మలుపులోకి దిగేటప్పుడు లోపలి వెనుక చక్రం తెరుచుకుంటుంది కాబట్టి ఆ మేలు చాలావరకు నిలుస్తుంది. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి.

షిమ్‌లు_నూనె:

రీబౌండ్ బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. అతిగా బిగిస్తే గుంత తర్వాత డ్యాంపర్ పూర్తిగా తెరుచుకునేలోపే తర్వాతి గుంత వస్తుంది. కారు మెట్టుమెట్టుగా కిందికి దిగిపోతూ ఉంటుంది, బయటికి కనబడదు. షాఫ్టు మీద చిన్న రబ్బరు రింగు వేసి, రౌండు అయ్యాక ఎంత లోపలికి జరిగిందో చూడండి. ముందు డ్యాంపర్లకంటే వెనుకవాటిలో రింగు ఎక్కువ జరిగితే ఆ క్లిక్కు వెనక్కి తిప్పేయండి.

క్లిక్కులు ముట్టుకునే ముందు ఇంకొకటి. ఆ వెనుక డ్యాంపర్ల సీలు రాపిడి చూశారా? ముందువి మాత్రమే చూసినట్టు రాశారు. నాలుగూ ఒకే పెట్టెలో వచ్చి ఉంటే వెనుకవీ తూచి, నాలుగు అంకెలూ ఇక్కడ పెట్టండి. అప్పుడు చెబుతాను.